షట్టర్ మార్పించాను, ఇప్పుడు కౌంటు ఎంతని చెప్పాలి?

తెనాలి_క్లిక్స్ · ఆదివారం రాత్రి 9:42

నమస్తే అందరికీ. మాది తెనాలి. పదకొండేళ్ళుగా పెళ్ళిళ్ళు చేస్తున్నాను (ఫోటోలండీ, పౌరోహిత్యం కాదు). నా నికాన్ డి750 కెమెరా షట్టర్ (క్లిక్కుకి తెరుచుకుని మూసుకునే తెర) మొన్న మాఘమాసంలో కన్నుమూసింది. అప్పటికి 2,14,380 ఫోటోలు కొట్టింది, దీన్నే షట్టర్ కౌంటు అంటాం. ఆ మోడల్‌ని 1,50,000 దాకా పరీక్షించామని కంపెనీ చెప్పిన లెక్క. నాది దాని మీద ఇంకో అరవై నాలుగు వేలు లాగింది, కాబట్టి దాన్ని ఒక్క మాట అనను.

పోయిన తీరు చెప్తా. తలంబ్రాల టైము. పెళ్ళికూతురు దోసిలి నిండా పట్టి పైకెత్తింది, నేను బర్స్ట్ (వరసగా ఫోటోలు తీసేది) నొక్కిపట్టా. శబ్దం తేడా కొట్టింది, టకటకా అనాల్సింది మధ్యలో చర్రుమంది. వెనక స్క్రీన్ చూస్తే మొదటి నాలుగూ బాగున్నాయి, ఐదోదాంట్లో పెళ్ళికొడుకు బాసికం దగ్గర్నుంచి పైకంతా నలుపు. రెండో బాడీతో (లెన్సు కాక మిగతా కెమెరాని బాడీ అంటాం) గట్టెక్కాననుకోండి.

కొత్త షట్టర్ వేయించాను, పనితో కలిపి 15,200 అయింది. ఇచ్చేటప్పుడు రిపేరు అబ్బాయి మామూలుగా అడిగాడు, "సార్, కౌంటు సున్నా చేసి ఇవ్వమంటారా?" అని. ఎందుకో నోట్లోంచి వద్దు అని వచ్చేసింది. ఇప్పుడు కెమెరా అమ్మేద్దామని చూస్తున్నా. రేపల్లె నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి మొదటి ప్రశ్నే "అన్నా, కౌంటెంత?" అన్నాడు. 2,17,610 అన్నా. "సరే అన్నా, చూస్తా" అని పెట్టేశాడు. షట్టర్ కొత్తదని చెప్పే సందు కూడా ఇవ్వలేదు.

నా ప్రశ్న ఇదీ: షట్టర్ కొట్టింది 3,230. కెమెరా కొట్టింది 2,17,610. అడిగినవాడికి ఏది చెప్పాలి?

ఫ్లాష్‌రాజా · ఆదివారం రాత్రి 10:05

సున్నా చేయించుకోవాల్సిందండీ. షట్టర్ కౌంటు అంటేనే షట్టర్ కౌంటు. షట్టర్ కొత్తది, కౌంటు కొత్తది. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

కరీంనగర్_బోరుబాయి · ఆదివారం రాత్రి 10:31

రాజన్నా, ఒక ముచ్చట చెప్త. మా బాయి కాడ బోరు మోటరు నాలుగేండ్లల్ల రెండుసార్లు కాలింది. రెండుసార్లు వైండింగ్ చేయించినం. కాయిల్ కొత్తదే, కాదంటలేను. కని బుష్షులు పాతయే, షాఫ్టు పాతదే, పంపుల ఇంపెల్లర్లు అరిగినయే. దాన్ని తీస్కపోయి కొత్త మోటరని అమ్ముత అంటే కొనెటోడు దొరుకుతడు. కొన్నంక మాత్రం మనల్ని ఊర్ల తిరగనియ్యడు.

పాతలెన్సు · సోమవారం ఉదయం 6:18

కరీంనగర్ తమ్ముడి మోటారు చాలా దగ్గరగా వచ్చింది. కొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే ఈ గొడవంతా ఆ నెంబరు ఎక్కడ కూర్చుంటుందో తెలియకపోవడం వల్ల.

మనం షట్టర్ కౌంటు అని పిలిచే అంకెను షట్టర్ లెక్కపెట్టదు. దానికి మెదడు లేదు. స్ప్రింగులు, మాగ్నెట్లు, పల్చటి బ్లేడ్లు, అంతే. లెక్క రాసుకునేది మెయిన్ బోర్డు. ఫోటో తీసిన ప్రతిసారీ తన దగ్గరున్న అంకెకు ఒకటి కలుపుకుంటుంది. నికాన్‌లో అయితే ఆ అంకెను ఫోటో ఫైలులో కూడా రాస్తుంది, దాన్నే మనం ఎగ్జిఫ్‌టూల్‌తో (ఫోటో ఫైలులో దాగిన వివరాలు, అంటే ఎగ్జిఫ్, చూపించే సాఫ్ట్‌వేర్) చదువుతున్నాం.

అందుకని షట్టర్ మారిస్తే అంకె దానంతటది మారదు, పాతదాని మీదే నడుస్తుంది. తెనాలి గారికి జరిగింది అదే. అదే బోర్డు మారిస్తే ఉల్టా: షట్టర్ రెండు లక్షలు కొట్టి ఉన్నా అంకె కొత్త బోర్డుది. ఎవరైనా పూనుకుని పాత అంకె ఎక్కిస్తే తప్ప.

ఇక కంపెనీ చెప్పే లక్షన్నర, రెండు లక్షల సంగతి. అంత దాకా పరీక్షించాం అని దాని అర్థం. అక్కడికి రాగానే ఆగిపోతుందని కాదు, అంతదాకా గ్యారంటీ అనీ కాదు. డి750కి 1,50,000, డి850కి 2,00,000, డి5కి 4,00,000. కానన్‌లో 6డికి 1,00,000, 5డి మార్క్ 3కి 1,50,000. బల్బు డబ్బా మీద రాసిన గంటల్లాంటివే ఇవి. ఒకటి ముందే పోతుంది, ఒకటి మన పిల్లల పెళ్ళిదాకా వెలుగుతుంది.

తెనాలి_క్లిక్స్ · సోమవారం ఉదయం 7:50

అర్థమైంది గురువుగారూ. ఇంకో అనుమానం. ఇచ్చేటప్పటికి అంకె 2,14,452 ఉంది. అంటే 72 షాపులోనే కొట్టారన్నమాట. మరీ అంత టెస్టింగ్ అవసరమా?

రిపేరు_బల్ల · సోమవారం మధ్యాహ్నం 2:10

72 కొట్టాడంటే మంచివాడే అనుకోండి. నేను కోఠిలో ఇరవై ఏళ్ళ నుంచి బల్ల ముందు కూర్చున్నవాణ్ణి, ఒక్కోసారి రెండొందలు కూడా కొడతాను.

ఎందుకంటే షట్టర్‌లో రెండు కర్టెన్లు. మొదటిది కిందికి పరిగెత్తుతుంది, వెంటనే రెండోది దాన్ని తరుముతుంది. 1/200 సెకండు స్పీడు దాకా మొదటిది పూర్తిగా దిగాకే రెండోది బయల్దేరుతుంది. 1/4000 దగ్గర మొదటిది పట్టుమని కదలకముందే రెండోది వెంటపడుతుంది. ఆ రెంటికీ మధ్య సన్నటి సందు మాత్రమే సెన్సార్ (ఫోటో పడే చిప్) మీద జారుకుంటూ పోతుంది. కొత్త యూనిట్ పెట్టాక ఆ రెంటి టైమింగు ఆ బాడీకి సరిచేయాలి. చేయకపోతే 1/250 దగ్గర అన్నీ బాగుంటాయి, 1/2000 దాటాక ఫోటో పైన ఒక వెలుగు, కింద ఒక వెలుగు.

ఇందులో చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 1/4000తో తీస్తే షట్టర్ త్వరగా అరుగుతుందంటారు. అరగదు. కర్టెన్ పరుగు అన్ని స్పీడుల్లోనూ ఒకటే, సందు మాత్రమే చిన్నదవుతుంది. అరుగుదల అంతా పరుగు చివర ఠక్కున ఆగే చోట. పాత యూనిట్ విప్పితే చేతిలో తెలుస్తుంది: బ్లేడ్ల అంచున నల్లరంగు పోయి తళతళలాడుతుంటుంది, వచ్చి కొట్టుకునే చోట చిన్న రబ్బరు నలిగిపోయి ఉంటుంది, లోపల నల్లపొడి.

ఇంకొకటి. షట్టర్ యూనిట్ మిర్రర్ బాక్స్‌కీ (లెన్సు వెనక అద్దం ఉండే గది) సెన్సార్‌కీ మధ్యన ఉంటుంది. దాన్ని తీయాలంటే కెమెరా మొత్తం విప్పాలి, సెన్సార్ తీసి మళ్ళీ బిగించాలి. కాబట్టి షట్టర్ మార్చిన కెమెరా కొనేవాళ్ళు కౌంటు తర్వాత చూసుకోండి, ముందు ఫోకస్ చూసుకోండి. నాలుగు మూలలా.

గోదారిగట్టు · సోమవారం సాయంత్రం 5:33

నేను రెండో పక్క నుంచి మాట్లాడతానండి, కొన్నవాణ్ణి. కెమెరా పేరు, అమ్మినాయన ఊరు చెప్పను. మూడేళ్ళ కిందట ఒక ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) బాడీ చూపించారు, కౌంటు 11,204. మా బావమరిది లాప్‌టాప్‌లో చూసి "బావా, పెట్టెలోంచి ఇప్పుడే తీసినట్టుంది" అన్నాడండి. నాకు మాత్రం చెయ్యి పెట్టగానే ఏదో అనిపించింది. కుడిచేతి రబ్బరు ఉబ్బి వదులైపోయి ఉంది. హాట్‌షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) రెండు పట్టాల మీద రంగే లేదు, తెల్లగా ఇనుము. మెనూ బటన్ మీద అక్షరాలు అరిగిపోయాయి. పదకొండు వేల ఫోటోలకి ఫ్లాష్ ఎన్నిసార్లు తీసిపెడితే అలా అవుతుందండి?

అడిగితే "షట్టర్ కొత్తది వేయించానండి, అందుకే కౌంటు తక్కువ" అన్నాడు. నిజం చెప్పాడు కదా అని 38 వేలు ఇచ్చేశాను. పద్నాలుగు నెలలకి అద్దం పైకి లేచి అక్కడే ఉండిపోయింది. విప్పినాయన చెప్పాడండి, మిర్రర్‌ని లేపే మోటారు గేర్లు పూర్తిగా అయిపోయాయని. షట్టర్ కొత్తదే, పాపం, ఆ ముక్క అబద్ధం కాదు. కానీ ఆ మోటారు ఎన్ని లక్షలసార్లు తిరిగిందో చెప్పాల్సిన అంకెని చెరిపేశారు కదండి. నాకు మండింది అక్కడ.

ఫ్లాష్‌రాజా · సోమవారం సాయంత్రం 6:02

ఒప్పుకుంటున్నా గట్టు గారూ. నేను మిర్రర్ సంగతి ఆలోచించలేదు.

రిపేరు_బల్ల · సోమవారం రాత్రి 8:47

ఎవరూ ఆలోచించరు. పేరులో షట్టర్ ఉంది కదా అని అందరి చూపూ అక్కడే. డిఎస్ఎల్ఆర్‌లో (అంటే అద్దం ఉన్న ఈ కెమెరాల్లో) ఒక్క క్లిక్కుకి అద్దం లేస్తుంది, లెన్సు అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) లీవర్ కదులుతుంది, షట్టర్ నడుస్తుంది, మోటారు మళ్ళీ అన్నిటినీ యథాస్థానానికి లాగుతుంది. నాలుగు పనులు, ఒక్క అంకె. అందులో ఒక భాగం మార్చి అంకె మొత్తాన్ని సున్నా చేస్తే మిగతా మూడింటి వయసు పోయినట్టే.

ఇంకా చెప్పాలా? "కొత్త షట్టర్" అన్న మాటే నేను సగం నమ్ముతాను. కొన్ని మోడళ్ళకి కొత్త యూనిట్లు దొరకవు. అప్పుడు డెడ్ బాడీలోంచి తీసి వేస్తాం. (కంగారు పడకండి, డెడ్ బాడీ అంటే నీళ్ళల్లో పడో, బోర్డు కాలో పనికిరాకుండా పోయిన కెమెరా. మా వీధిలో ఆ మాట రోజుకి పదిసార్లు వినబడుతుంది.) ఆ షట్టర్ అంతకుముందు ఎంత కొట్టిందో ఆ చచ్చిన బోర్డుకి తప్ప ఎవరికీ తెలియదు. నేనైతే కస్టమర్‌కి చెప్పి, బిల్లు మీద "వాడిన పార్టు" అని రాసే ఇస్తాను. అందరూ రాస్తారని చెప్పలేను.

నక్షత్రాల_అనంతపురం · సోమవారం రాత్రి 11:20

కౌంటు పెద్దదైతే బాగా నలిగిందని మీరంతా అనేస్తున్నారు, అది కూడా ఒప్పుకోలేనన్నా. నేను స్టార్ ట్రెయిల్స్ (రాత్రంతా నక్షత్రాలు కదిలిన గీతలు) తీస్తా. ట్రైపాడ్ మీద పెట్టి 30 సెకండ్ల ఎక్స్‌పోజర్లు ఎనిమిది గంటలు వదిలితే తెల్లారేసరికి 960. పక్కన నేను దుప్పటి కప్పుకుని పడుకునుంటా, కెమెరా చెక్కుచెదరదు. టైమ్‌లాప్స్ (ఫోటోలు వరసగా పేర్చి చేసే వీడియో) అయితే పది సెకండ్ల క్లిప్పుకే 250 ఫోటోలు. నా బాడీ కౌంటు లక్షా నలభై వేలు, చూడ్డానికి ఏమీ కాలేదు. అదే ముప్పై వేలు కొట్టిన న్యూస్ ఫోటోగ్రాఫర్ కెమెరా చూడండి, ధర్నాలో నలిగి, వానలో తడిసి, బండి డిక్కీలో ఎగిరెగిరి ఉంటుంది.

వీడియో వాళ్ళ సంగతి ఇంకో రకం. గంట రికార్డింగుకి షట్టర్ తెరుచుకునేది ఒక్కసారే. కౌంటు చూస్తే పసిబిడ్డ. సెన్సార్, బోర్డు మాత్రం గంటలకొద్దీ వేడెక్కి ఉంటాయి.

డల్లాస్_డాడ్ · మంగళవారం ఉదయం 5:12

మిర్రర్‌లెస్‌కి (అద్దం లేని కెమెరాలకి) వచ్చేయండి, గొడవ లేదు :)

పాతలెన్సు · మంగళవారం ఉదయం 6:25

గొడవ అక్కడా ఉంది డాడ్ గారూ, వేషం మారిందంతే. అద్దం లేదు సరే. పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే బ్లేడ్లు కదలనే కదలవు. ముందు కర్టెన్ మాత్రం ఎలక్ట్రానిక్‌గా పెట్టుకుంటే వెనక కర్టెన్ ఒక్కటే దిగుతుంది. మరి తీసిన ఫోటోల లెక్కా, బ్లేడ్లు కదిలిన లెక్కా ఒకటేనా? కాదు. నికాన్ జడ్ సిరీస్ (వాళ్ళ మిర్రర్‌లెస్‌లు) ఫైళ్ళలో అందుకే రెండు అంకెలు కనబడతాయి, ఎగ్జిఫ్‌టూల్‌లో మెకానికల్ షట్టర్ కౌంట్ అని ఒకటి విడిగా వస్తుంది. అమ్మేవాళ్ళు ఏది చూపిస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. 2021లో వచ్చిన జడ్9లో అయితే మెకానికల్ షట్టరే లేదు, అక్కడితో ఆ కథ ముగిసింది.

సందేహాలరావు · మంగళవారం ఉదయం 9:15

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా కెమెరా ఫోటో నెంబరు 4,312 అని ఉంది. అంటే కౌంటు నాలుగు వేలేనా? సెకండ్స్‌లో కొన్నాను.

కరీంనగర్_బోరుబాయి · మంగళవారం ఉదయం 9:21

కాదన్నా. ఫైల్ నెంబరు 9,999 దాటినంక మల్ల మొదట్కి వస్తది. ఎన్ని చుట్లు తిరిగిందో అది చెప్పది. మెనూల రీసెట్ కూడా కొట్టచ్చు. నికాన్ అయితే ఒక్క ఫోటో తీసి, కార్డుల నుంచి నేరుగ కంప్యూటర్ల వేసి ఎగ్జిఫ్ చూడు. వాట్సాప్ల పంపిన ఫోటో పనికిరాదు, అండ్లకెల్లి సమాచారమంత ఊడ్చేస్తది. కానన్ల అయితే శానా మోడళ్ళకు ఫోటోల ఉండది, కేబుల్ పెట్టి చదవాలె.

పాతలెన్సు · మంగళవారం ఉదయం 11:40

అసలు ప్రశ్నకి వస్తాను. షట్టర్ మార్చారనగానే బాగా కొట్టేసిన కెమెరా అనుకోనక్కర్లేదని కూడా ఎవరో ఒకరు చెప్పాలి. 2012లో వచ్చిన నికాన్ డి600 వాడినవాళ్ళకి గుర్తుంటుంది. ఎఫ్16లో (అపర్చర్ బాగా చిన్నది చేసి) ఆకాశం తీస్తే చుక్కలు చుక్కలుగా మచ్చలు కనబడేవి. 2013 అక్టోబరులో షట్టర్ మార్చి డి610 తెచ్చారు. 2014 ఫిబ్రవరిలో, వారంటీ అయిపోయినా సరే, డి600లకి షట్టర్ ఉచితంగా మార్చిస్తామని నికాన్ ప్రకటించింది. ఐదారు వేలు కూడా కొట్టని కెమెరాలకి కూడా అలా కొత్త షట్టర్లు పడ్డాయి. డి600 కొనాలంటే షట్టర్ మార్పించినదే నేను వెతికి కొంటాను. డి750కి కూడా 2015లో ఇలాంటి ప్రకటన వచ్చింది, కొన్ని నెలల్లో తయారైన వాటికి ఫోటోలో కొంత భాగం చీకటిగా వస్తోందని. సీరియల్ నెంబరు కొట్టి చూసుకునే వీలిచ్చారు.

అంటే "మార్చారు" అన్న ముక్క ఒక్కటే మంచీ కాదు, చెడూ కాదు. ఎందుకు, ఎన్నింటి దగ్గర, ఎవరు, ఏ పార్టుతో మార్చారన్నది కావాలి. ఈ నాలుగూ బిల్లులో ఉంటాయి, కౌంటులో ఉండవు.

తెనాలి_క్లిక్స్ · మంగళవారం మధ్యాహ్నం 1:05

బిల్లు ఉంది, దాని మీద పార్టు, తేదీ, అప్పటి అంకె 2,14,380 అన్నీ రాయించాను. ఎందుకు రాయించానో తెలీదు, మా నాన్న ట్రాక్టరు రిపేర్లన్నీ డైరీలో రాసేవాడు, ఆ అలవాటనుకుంటా. ధర ఎంత పెట్టమంటారు? రిపేరుకి పెట్టిన 15,200 కలుపుకోవచ్చా?

రిపేరు_బల్ల · మంగళవారం మధ్యాహ్నం 3:30

మొత్తం కలపకండి. అది మీరు పెళ్ళిళ్ళల్లో తినేసిన షట్టర్‌కి కట్టిన డబ్బు. రెండు లక్షలు కొట్టి షట్టర్ మార్చని బాడీ కంటే ఒక ఆరేడు వేలు ఎక్కువ అడగండి, న్యాయం. యాభై వేలు కొట్టిన బాడీ ధర మాత్రం అడగొద్దు.

కొనేవాడు వస్తే ఈ పరీక్ష మీరే చేసి చూపించండి. పగటి వెలుగులో తెల్లగోడ. 1/60, 1/500, 1/4000, మూడింట్లో గోడ ఒకే వెలుగులో వచ్చేలా ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే సెట్టింగు), అపర్చర్ సర్దుకుని తీయండి. పక్కపక్కన పెట్టి పైఅంచు, కిందిఅంచు చూడమనండి. ట్యూబులైటు కింద, ఎల్ఈడీ కింద మాత్రం చేయొద్దు. కళ్యాణమండపం ఎల్ఈడీ గోడ ముందు పట్టీలు పడ్డాయని షట్టర్ పోయిందంటూ నా దగ్గరికి కెమెరాలు పట్టుకొచ్చేవాళ్ళు సీజన్‌కి డజనుమంది. లైటు మినుకుమనడం అది. ఫ్లాష్ ట్రిగర్ పెట్టి 1/320లో తీసి, కింద నల్లపట్టీ చూసి గాభరా పడేవాళ్ళు ఇంకో డజను. ఆ స్పీడులో ఫ్లాష్ వెలిగేసరికే రెండో కర్టెన్ బయల్దేరి ఉంటుంది, అంతే.

గోదారిగట్టు · మంగళవారం మధ్యాహ్నం 3:58

ఆ రెండో డజనులో నేనూ ఉన్నానండి.

తెనాలి_క్లిక్స్ · మంగళవారం రాత్రి 9:10

ప్రకటన ఇలా రాశాను, చూసి చెప్పండి:

"నికాన్ డి750, బాడీ మాత్రమే. పెళ్ళిళ్ళకి వాడినది. మొత్తం కౌంటు 2,17,610, రీసెట్ చేయించలేదు. 2,14,380 దగ్గర షట్టర్ యూనిట్ కొత్తది వేయించాను, బిల్లు ఉంది. మిర్రర్ మోటారు, బోర్డు మొదటివే. కుడివైపు రబ్బరు కింద అంచు లేచింది. రెండు బ్యాటరీలు, ఒకటి వీక్. తెనాలి వచ్చి ఎంతసేపైనా చూసుకోవచ్చు. 39,000."

పాతలెన్సు · మంగళవారం రాత్రి 9:26

"ఒకటి వీక్" అని రాసినందుకు మీకో దండం.

ఫ్లాష్‌రాజా · మంగళవారం రాత్రి 9:40

ఇంత రాస్తే ఎవడూ రాడండీ బాబూ. చూస్తూండండి.

తెనాలి_క్లిక్స్ · ఆదివారం మధ్యాహ్నం 12:48

అప్‌డేట్. అమ్మేశాను. ముగ్గురు ఫోన్ చేశారు. ఇద్దరు అంకె వినగానే తగ్గారు. మూడోవాడు ఎవరనుకున్నారు, ఆ రేపల్లె కుర్రాడే. ప్రకటన చదివి "అన్నా, మొన్న ఈ మాట చెప్పలేదేంటి" అన్నాడు. నువ్వు ఆగితే కదరా చెప్పడానికి అన్నా.

పొద్దున్నే బస్సులో వచ్చాడు. మా మేడ మీద సున్నం గోడ ముందు మూడు స్పీడుల్లో తీసి చూపించా. ఫోకస్ నాలుగు మూలలా వాడే చూసుకున్నాడు. బిల్లు ఫోటో తీసుకున్నాడు. అయ్యాక అరగంట సేపు బేరం, మా ఆవిడ టిఫిన్ పెట్టింది, ఇడ్లీ తింటూ కూడా బేరమే. 36,500కి తెగింది. వెళ్తూ వెళ్తూ షట్టర్ ఒకసారి ఖాళీగా కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఏం వినబడిందో మరి, నవ్వుకుంటూ బ్యాగులో పెట్టుకున్నాడు.

కరీంనగర్_బోరుబాయి · ఆదివారం మధ్యాహ్నం 1:15

వీక్ బ్యాటరీ కూడా ఇచ్చినవా అన్నా?

తెనాలి_క్లిక్స్ · ఆదివారం మధ్యాహ్నం 1:17

ఇచ్చా. దాని మీద మార్కర్‌తో "వీక్" అని రాసి మరీ ఇచ్చా.